నానాజాతుల కొలువునందు భాషాభ్యాసము

మాట తెలియని యూరికి బోయినవాడు సగము చెవిటివాడు, సగము మూగవాడు. దాహమైనపుడు నీరడుగుటకును, త్రోవ తప్పినపుడు దారి యడుగుటకును వానికి చేతిసైగలే దిక్కు. ఈ యవస్థ యాత్రలు చేసినవారికందఱకు నెఱుకయే. అయితే యాత్రికుని యవస్థ నాలుగు దినములలో తీరిపోవును. ఒక కచ్చేరియో, న్యాయస్థానమో, వైద్యశాలయో తాను సేవింపవలసిన జనుల మాట యెఱుగక కూర్చున్నచో ఆ చెవిటితనమునకు అంతము లేదు. వినలేనివాడు అధికారి, దాని ఫలము ననుభవించువాడు అర్జీదారుడు. ఇక నొక దేశమునకు గాక లోకమునకంతకు కొలువు చేయబూనిన సంస్థ యున్నచో దాని యుద్యోగులు ఏ భాషలు నేర్వవలెను? ఎవరి మాట వారికి వినబడవలెను? గత నూఱేండ్ల చరిత్ర యీ ప్రశ్నకేమి సమాధానము చెప్పినదో చదువరుల ముందుంచుటయే మా యుద్దేశము.

మొదటి మహాసంగ్రామము ముగిసిన పిమ్మట 1919 వ సంవత్సరమున ప్యారిస్ నగరమున సంధిసభ జరిగెను. అంతకు బూర్వము ఐరోపా రాజ్యముల దౌత్యము చిరకాలముగా ఫ్రెంచి భాషలోనే నడచుచుండెను. రాయబారులు చాలవఱకు నొకే వర్గమువారు, ఒకే భాష నభ్యసించి పెరిగినవారు. కావున దుబాసీలతో వారికి విశేషముగా పని లేకుండెను. ఈ సభలో నా యాచారము చెదరెను. అమెరికా యధ్యక్షుడైన విల్సను, బ్రిటను ప్రధానమంత్రియైన లాయిడ్ జార్జి ఫ్రెంచిలో వ్యవహరింప జాలరు. ఫ్రాన్సు ప్రధాని క్లెమెన్సోకు ఆంగ్లము చక్కగా వచ్చును. ఇటలీ ప్రధాని ఓర్లాండో ఫ్రెంచి యెఱుగునే గాని ఆంగ్లము నెఱుగడు. ఈ నలుగురి నడుమ పాల్ మాంటూ అను చరిత్రపండితుడు దుబాసీగా కూర్చుండెను. ఒకరు చెప్పునది విని, గుఱుతులు వ్రాసికొని, పిదప రెండవ భాషలో నతడు చెప్పుచుండెను. ఆ గదిలో సరిహద్దులు గీయబడెను, రాజ్యములు విడదీయబడెను. ఆ నేలలమీద బ్రదుకు జనులలో ననేకుల భాషలు అచ్చట వినబడనే లేదు. సంధిపత్రము మాత్రము ఫ్రెంచి, ఆంగ్లములు రెంటను సమాన ప్రామాణ్యముతో వెలువడెను.

1920 లో నానాజాతి సమితి యేర్పడి జినీవాలో నెలకొనెను. దాని ప్రధాన కార్యదర్శి సర్ ఎరిక్ డ్రమ్మండు ఒక క్రొత్త సూత్రమును స్థాపించెను. సమితి యుద్యోగి స్వదేశ ప్రభుత్వమునకు గాక సమితికే విధేయుడై యుండవలెను. నానాదేశములవారును ఒకే కార్యాలయమున ఒకే కొలువు చేయవలెను. ఇట్టి యుద్యోగవర్గము లోకమున కది క్రొత్త. అయినను వారు నడుపవలసిన భాషలు రెండే: ఫ్రెంచి, ఆంగ్లము. 1920 లోనే స్పెయినును దక్షిణ అమెరికా రాజ్యములును తమ స్పానిషు భాషకు నధికారపదవి నిమ్మని కోరినను ఆ కోరిక ఫలింపలేదు. సభలో నెవ్వడైనను తన భాషలో ప్రసంగింపవచ్చును. కాని దానిని ఆ రెండు భాషలలో నొకదానికి మార్చుకొను భారము వానిదే. అనగా ద్వారము తెఱచియే యున్నది, గడపపన్ను మాత్రము పరభాషవాడే చెల్లింపవలెను.

ఈ యన్యాయమును తొలగించుట కొకరికి నొకరు లొంగని యుపాయము నాడే సూచింపబడెను. 1887 లో వార్సా నగరమున వైద్యుడైన జామెన్‌హాఫు ప్రకటించిన ఎస్పరాంటో అను కల్పితభాష యే జాతికిని సొంతము కాదు. కాబట్టి యందఱును దానినే నేర్చినచో నెవరికిని హెచ్చుతగ్గులుండవని కొన్ని దేశముల ప్రతినిధులు వాదించిరి. సమితి ఉపప్రధాన కార్యదర్శులలో నొకడైన జపానుదేశీయుడు నిటోబె 1921 లో ప్రాగు నగరమున జరిగిన ఎస్పరాంటో మహాసభకు స్వయముగా బోయి, నానాదేశముల సామాన్యజనులు దుబాసీలు లేకయే మాటలాడుకొనుట చూచి, దానిని మెచ్చుకొనుచు నివేదిక వ్రాసెను. కాని తన భాషకు గల దౌత్యగౌరవము తగ్గునని ఫ్రాన్సు ప్రభుత్వము గట్టిగా ప్రతిఘటించెను. ఆ ప్రతిపాదన క్రమముగా ప్రక్కకు ద్రోయబడెను. భాషనుగూర్చిన వాదము వ్యాకరణముతో గాక గౌరవముతో ముడివడి యుండునని యీ కథ తెలుపుచున్నది.

మనుష్యులు మాఱుటకు వెనుదీయగా యంత్రములు ముందడుగు వేసెను. ఒకరి ప్రసంగము ముగిసినదాక వేచియుండి పిదప దానిని రెండవ భాషలో చెప్పుటచేత ప్రతి సభకును రెట్టింపు కాలము పట్టుచుండెను. బోస్టను వర్తకుడైన ఎడ్వర్డు ఫిలీను టెలిఫోను తీగల సాయమున, వక్త మాటలాడుచుండగనే దుబాసీ మాటను శ్రోతల చెవికి జేర్చు నుపాయమును ప్రోత్సహించెను. జినీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థ సభలలో 1920 తరువాతి దశాబ్దమున దీనిని పరీక్షించిరి. ఆ పద్ధతికి నిజమైన పరీక్ష 1945 నవంబరు 20 వ తేదీన న్యూరెంబర్గులో మొదలయ్యెను. నాజీ నాయకుల విచారణ ఆంగ్లము, ఫ్రెంచి, రష్యను, జర్మను అను నాలుగు భాషలలో ఏకకాలమున జరుగవలసియుండెను. అచ్చటి భాషావిభాగమును నెలకొల్పినవాడు లియోను డోస్టెర్టు. వక్త వేగముగా మాటలాడినచో పసుపుదీపము, ఆగవలసినచో ఎఱ్ఱదీపము వెలుగుచుండెను. ముద్దాయి చెప్పిన మాట వాని భాషలోనుండి న్యాయమూర్తి భాషలోనికి తూకము తప్పక వచ్చినగాని న్యాయము న్యాయము కానేరదు. ఆ గాజుగదులలో కూర్చున్న దుబాసీల జాగరూకతమీద ప్రాణము లాధారపడియుండెను.

అదే సంవత్సరము జూను 26 వ తేదీన సాన్ ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్య సమితి శాసనపత్రముపై సంతకములు జరిగెను. చైనా, ఫ్రెంచి, రష్యను, ఆంగ్ల, స్పానిషు పాఠము లైదును సమానముగా ప్రమాణములని ఆ పత్రమే చెప్పుచున్నది. ఆ సభకు మనదేశ ప్రతినిధివర్గమునకు నాయకుడై వెళ్ళినవారు కర్నూలున జన్మించిన సర్ ఆర్కాటు రామస్వామి మొదలియారు. 1946 లో సమితి యార్థిక సాంఘిక మండలికి ప్రథమాధ్యక్షులును వారే. ఆ యున్నతపీఠము నధిష్ఠించినవారికి దక్షిణదేశపు భాషలు అచ్చట పనికిరావు. ఆంగ్లమే నోరును చెవియు. ఇది వారి లోపము కాదు. అప్పటి ఏర్పాటే అట్టిది.

1946 ఫిబ్రవరి 1 వ తేదీన సాధారణసభ భాషల నియమములను నిర్ణయించెను. అందు అధికారభాషలని, కార్యభాషలని రెండు తరగతు లేర్పడెను. అధికారభాషలో ప్రసంగించినచో సమితియే దుబాసీని నియోగించును. కార్యభాషలైననో వానిలోనికి ప్రతి ప్రసంగమును మార్చబడుచుండెను. సభావృత్తాంతములు వానిలో సంపూర్ణముగా వెలువడుచుండెను. అధికారభాష లైదు, కార్యభాషలు మఱల ఫ్రెంచి, ఆంగ్లములే. అటుతరువాతి చరిత్రమంతయు క్రిందిమెట్టునుండి పైమెట్టు నెక్కుటకు భాషలు చేసిన ప్రయత్నమే. సాధారణసభలో స్పానిషు 1948 లోను, రష్యను 1968 లోను, చైనా భాష 1973 లోను కార్యభాషలయ్యెను. అరబ్బీ 1973 లో ఒక్కమాఱుగా అధికారభాషయు కార్యభాషయు నయ్యెను. మొదటి మూడేండ్ల వ్యయమును అరబ్బురాజ్యములే భరించెను. ఈ విధముగ సాధారణసభ భాష లాఱైనవి. కాని కార్యాలయము, అనగా దినదినమును కాగితములు వ్రాయు ఉద్యోగవర్గము, ఆంగ్లఫ్రెంచిలతోనే నిలిచియున్నది. ఆ రెంటిలోను ఆంగ్లమునకే పెద్దపీట దక్కినది.

సభకు దుబాసీలున్నారు గదా, ఉద్యోగులు భాషలు నేర్వనేల యని కొందఱడుగవచ్చును. దుబాసీల పని యెట్లు జరుగునో తెలిసినచో నీ సందేహము తీరును. గాజుగదిలో కూర్చున్న దుబాసీ యించుమించు అరగంటకంటె నెక్కువ యేకధాటిగా చెప్పలేడు. ప్రక్కనున్నవాడు వంతు నందుకొనును. రష్యనులోని మాట చైనా భాషకు బోవలెనన్న తఱచుగ మొదట ఆంగ్లములోనికి మాఱి, ఆ యాంగ్లమునుండి చైనా భాషకు బోవును. ఒక మాట రెండు నోళ్ళు దాటి చెవికి జేరును. ఇంత శ్రమతో నడచు నీ యేర్పాటు సభామందిరమునకే పరిమితము. ఇద్దరుద్యోగులు మెట్లమీద నిలిచి మాటలాడునపుడు గాని, రాత్రివేళ తొందరగ తీర్మానము వ్రాయునపుడు గాని, దూరదేశపు పల్లెలో ఒక తల్లి తన గోడు చెప్పుకొనునపుడు గాని గాజుగది యుండదు.

వ్రాతలోని చిన్నమాట యెంత పెద్ద చిక్కు తెచ్చునో చెప్పుటకు ఒక్క యుదాహరణము చాలును. 1967 నవంబరు 22 వ తేదీన భద్రతామండలి పశ్చిమాసియా యుద్ధమునుగూర్చి 242 వ తీర్మానమును చేసెను. ఆక్రమింపబడిన ప్రదేశములనుండి ఇస్రాయేలు సేనలు వైదొలగవలెనని దాని యాంగ్లపాఠము చెప్పుచున్నది. ఆ ప్రదేశములన్నియునా, కొన్నియా యని తేల్చు నిశ్చయార్థకమైన ఉపపదము ఆంగ్లపాఠములో లేదు. ఫ్రెంచిపాఠములోనో, అన్నియు ననియే యర్థము చేసికొనుటకు వీలున్నది. తెలుగులో నట్టి యుపపదమే లేదు గనుక మనకిది వింతగా దోచును. కాని యీ రెండు పాఠముల నడుమనున్న సందును బట్టుకొని దశాబ్దములుగా వాదము సాగుచున్నది. ఒక భాషలోనే చదువుకొని సంతకము పెట్టువానికి రెండవ పాఠములో నేమున్నదో యెట్లు తెలియును?

ఇట్టి కారణములచేతనే 1968 డిసెంబరులో సాధారణసభ ఉద్యోగుల భాషాభ్యాసమును కేవలము వారి యిష్టమునకు విడువరాదని నిశ్చయించెను. 2480 వ తీర్మానము ప్రకారము, దేశములవారీగా పంచబడు ఉన్నతోద్యోగములలో నొక మెట్టునుండి పైమెట్టు నెక్కుటకు, 1972 మొదలుకొని, రెండవ భాషలో తగిన జ్ఞానము ఋజువు కావలసియుండెను. అట్టి జ్ఞానము గలవారికి జీతపు పెంపు పండ్రెండు మాసములకు బదులు పది మాసములకే లభించు నేర్పాటును చేసిరి. ఈ రెండు మాసముల బహుమానము ఇటీవలి జీతసంస్కరణములలో తీసివేయబడినది. అయినను న్యూయార్కు, జినీవా మొదలగు కేంద్రములలో ఆఱు భాషలకును ఉద్యోగులకు తరగతులు జరుగుచునే యున్నవి. ప్రారంభమునుండి ప్రావీణ్యమువఱకు నాలుగు మెట్లుగా అభ్యాసక్రమమును కూర్చిరి. నెరసిన తలలవారు, పెద్దపదవులలోనివారు గూడ పలకబట్టిన పిల్లలవలె క్రియారూపములు వల్లెవేయుట యచ్చట వింత కాదు. ప్రధాన కార్యదర్శి పదవికి పోటీచేసిన కాలమున బాన్ కీ మూన్ అను కొరియా దేశీయుడు ఫ్రెంచి పాఠములు చెప్పించుకొన్న సంగతి లోకమెఱిగినదే.

ఈ నియమము న్యాయమైనదేయైనను సమానమైనది కాదని మేమనక తప్పదు. ఆంగ్లేయుడు ఒక్క పరభాష నేర్చిన చాలును. మాతృభాష ఆ యాఱింటిలో లేనివాడు, అనగా తెలుగువాడు, బర్మావాడు, ఇథియోపియావాడు, రెండు పరభాషలు నేర్వవలెను. పుట్టుకచేత నొకనికి సగము చదువు తీరిపోయినది, మఱియొకనికి రెట్టింపైనది. అయినను దీనివలన నొక మేలు కలదు. తన భాషయే లోకభాషయని భ్రమించువానిని గూడ నీ నియమము విద్యార్థిని జేసి కూర్చుండబెట్టును. పరభాషలో తడబడుట యెట్లుండునో యెఱిగినవాడు ఇతరులు తడబడునపుడు నవ్వడు, ఓపికతో వినును. భాషాభ్యాసమున కీ వినయమే మొదటి ఫలము.

విదేశోద్యోగులకు భాష నేర్పించుట మన సీమకు క్రొత్త కాదు. 1812 లో చెన్నపట్టణమున ఎల్లిసు దొర పూనికతో సెయింట్ జార్జి కోట కళాశాల వెలసెను. ఇంగ్లాండునుండి వచ్చిన కంపెనీ యువకోద్యోగులకు అచ్చట మన పండితులు తెలుగు, తమిళము మొదలగు భాషలు నేర్పిరి. 1816 లో కాంబెలు దొర ప్రకటించిన తెలుగు వ్యాకరణమునకు ఎల్లిసు వ్రాసిన పీఠికలో, దక్షిణదేశభాషలు సంస్కృతజన్యములు గాక వేఱొక కుటుంబమునకు జెందినవని నిరూపింపబడెను. 1817 లో చెన్నపట్టణము చేరిన బ్రౌను ఆ కళాశాలలోనే తెలుగు నేర్చుకొని, 1820 లో కడప కొలువునకు బోయెను. 1852 లో వెలువడిన యాయన నిఘంటువును మన మిప్పటికిని తెఱచి చూచుచున్నాము. ఆ విద్య ఫలించినదనుటకు సందేహము లేదు. కాని కంపెనీ యుద్దేశము పన్ను వసూలు, వ్యాజ్యముల తీర్పు, పరిపాలనము. ఏలుటకు నేర్చిన భాష వేఱు, సేవించుటకు నేర్చు భాష వేఱు. ఏలువాడే ప్రజల భాష నేర్వక తప్పదని గ్రహించినపుడు, సేవకుడనని చెప్పుకొను సంస్థ నేర్వకుండుట కేమి సమాధానమున్నది?

ఈ ప్రశ్న ఎంత భయంకరమైనదో 1994 లో రువాండా దేశమున తేటపడెను. అంతకు ముందటి అక్టోబరులోనే సమితి యచ్చటికి శాంతిరక్షక సేనను బంపియుండెను. ఆ దేశమున నించుమించు జనులందఱు కిన్యరువాండా యను నొకే భాషను మాటలాడుదురు. 1993 లో ప్రారంభమైన యొక రేడియో, టుట్సీ జాతివారిని పురుగులతో బోల్చుచు, వారిని చంపుడని ఆ భాషలోనే జనులను పురికొల్పుచుండెను. నానాదేశములనుండి వచ్చిన సైనికులకు, అధికారులకు ఆంగ్లమో ఫ్రెంచియో వచ్చును. వీథిలో ప్రతి పిల్లవానికిని తెలియుచున్న మాట, రక్షింప వచ్చినవానికి దుబాసీ చెప్పినగాని తెలియదు. మూడు మాసములలో 8 లక్షలకు పైగా జనులు హతులైరి. భాషాజ్ఞానము లేకుండుటయే యీ ఘోరమునకు కారణమని మే మనము. ఆపద ముదిరినపుడు సేనను పెంచుటకు మాఱుగా 1994 ఏప్రిలులో తగ్గించినది భద్రతామండలియే; పెద్దరాజ్యముల యుపేక్షయే ముఖ్యకారణము. కాని కావలివానికి దొంగల మాట తెలియకుండుట చిన్నలోపమని యెవరనగలరు? సమితి తరగతులలో నేర్పునవి ఆఱు భాషలు. ఆపదలోనున్నవారి భాషలు వేలు. ఈ రెంటి నడుమనున్న యగాధమే మా వ్యాసమునకు ముఖ్యాంశము.

ఈ లోపమును సమితి బొత్తిగా గుర్తింపకపోలేదు. 1995 మొదలుకొని బహుభాషావ్యవహారమునుగూర్చి సాధారణసభ తీర్మానములు చేయుచున్నది. 2018 నుండి మన ప్రభుత్వపు ధనసహాయముతో సమితి వార్తలు హిందీలో వెలువడుచున్నవి. 2022 జూనులో చేసిన తీర్మానము హిందీ, వంగ, ఉర్దూ, పారసీక, స్వాహిలీ, పోర్చుగీసు భాషల నుదాహరించి, అధికారభాషలు కాని భాషలలో గూడ జనులకు సమాచారమందించు ప్రయత్నమును మెచ్చుకొనెను. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా గలవారు మనదేశమున 8 కోట్ల 11 లక్షలు. సమితిలో సభ్యత్వముగల పెక్కు రాజ్యముల జనసంఖ్య యంతలేదు. అయినను తెలుగును గూడ అధికారభాష చేయుడని మే మడుగుటలేదు. భాషల జాబితా పెంచినంతమాత్రమున చెవులు తెఱవబడవు. ఏ దేశమునకు బోవు ఉద్యోగి యా దేశపు జనుల మాటను కొంతయైనను నేర్చి పోవుటయు, అట్లు నేర్చినవానికి పదవిలో ఫలము కలుగుటయు నంతకంటె ముఖ్యము. దానికగు వ్యయము సేనల వ్యయముముందు చాల స్వల్పము. ధనము కఱవైనపుడు మొదట కత్తెర పడునది మాత్రము తరగతులకే, అనువాదములకే.

సమితిని విమర్శించుట సులభము. మన యింటిగడపలోపల నేమి జరుగుచున్నదో గూడ చూచుకొనవలెను. మన మన్యప్రాంతములలో కోయలు, గోండులు, సవరలు తమ తమ భాషలలో బ్రదుకుచున్నారు. అచ్చటికి బోవు వైద్యునికి, ఉపాధ్యాయునికి, అధికారికి వారి మాట యెంతమాత్రము వచ్చునో యొకమాఱు విచారింపుడు. రోగి కడుపునొప్పిని కోయభాషలో చెప్పుకొనుచుండగా తెలుగులో కసురుకొను నుద్యోగి రువాండాలోని సైనికునికంటె నేవిధముగ మెఱుగు? గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుపాధ్యాయులుగా నుండి, ఎవరి యాజ్ఞయు లేకయే, ఏ బహుమానమును కోరకయే సవరభాష నేర్చి, ఆ బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పించిరి. 1931 లో ఆ భాషకు వ్యాకరణమును, పిదప నిఘంటువును వెలువరించిరి. ఆయనకు మెట్లు లేవు, పరీక్షలు లేవు, పది మాసముల పెంపు లేదు. ఎదుటివాడు చెప్పునది వినవలెనను కోరికయే యున్నది.

మన గృహములలో బిడ్డలకు పరభాష నేర్పించునపుడు అది యుద్యోగమునకు, ఐశ్వర్యమునకు దారియని చెప్పుచున్నాము. అది యబద్ధము కాదు. దానితోపాటు ఇంకొక మాట గూడ చెప్పుట మన ధర్మము. మనకంటె పైవారితో మాటలాడుటకు నేర్చు భాష యొకటి. మన సాయము కోరివచ్చు వారి మాట వినుటకు నేర్చు భాష యింకొకటి. మొదటిది మనము వేడుకతో నేర్చుచున్నాము. రెండవది నేర్చిననాడు గాని, కొలువు జినీవాలోనిదైనను మన్యపుటూరిలోనిదైనను, కొలువను పేరునకు తగదు.